వైద్యవృత్తులు: విద్యార్థికి దారి చూపువారు

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన పది దినములలో రాయికోడ్ మండలములోని గ్రామములలో ఎన్నో యిండ్లయందు ఒక పెద్ద నిర్ణయము జరిగిపోవుచుండును. "పిల్లను డాక్టరు చదివింతము" అని తండ్రి అనును. తల్లి సరే యనును. బైపిసి అన్న మాట ఎవరో చెవిని వేయుదురు. మరునాడు బిడ్డను ఏదో ఒక కళాశాలలో చేర్చుదురు. పదునైదేండ్ల బిడ్డ యావజ్జీవితమునకు సంబంధించిన ఈ నిర్ణయమునకు పట్టినకాలము ఒక్క సాయంకాలము. జత ఎడ్లను కొనుటకైనను మనము ఇంతకంటె ఎక్కువగా విచారింతుము. పండ్లు చూచి, నడిపించి, నలుగురి నడిగి, ఆ పిమ్మటనే బేరమునకు దిగుదుము.

కోరిక మంచిదే. ఇంటిలో ఒకరికి జబ్బు చేసినచో జహీరాబాదు ఏరియా ఆసుపత్రికో, సంగారెడ్డికో, ప్రాణము మీదికి వచ్చినచో సుమారు వంద కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదులోని ఉస్మానియా, గాంధీ దవాఖానలకో పెద్దలు పరుగెత్తుట చూచి పెరిగిన బిడ్డ వైద్యము చదువగోరుట సహజము. అయితే ఆ కోరికకును, దాని ఫలమునకును నడుమ ఎనిమిది పదేండ్ల త్రోవ కలదు. ఆ త్రోవలో ఎక్కడ మలుపు ఉన్నది, ఎక్కడ గేటు ఉన్నది, ఏ గేటు ఏ వేళకు మూయబడును, ఒక త్రోవ మూసికొనిపోయినచో ప్రక్కత్రోవ ఏది, అను సంగతులు ముందుగా తెలిసినవారు ఒకరు విద్యార్థి ప్రక్కన ఉండవలెను. అట్టివారి అవసరమును గూర్చియే నేడు మనము ముచ్చటించుకొనబోవుచున్నాము.

పూర్వము ఈ ప్రశ్న ఇంత తీవ్రముగా ఉండెడిది కాదు. హైదరాబాదులో 1846లో స్థాపితమైన వైద్యపాఠశాలయే కాలక్రమమున ఉస్మానియా వైద్యకళాశాల అయినది. 1954లో గాంధీ వైద్యకళాశాలయు, 1959లో వరంగల్లులో కాకతీయ వైద్యకళాశాలయు వెలసినవి. నగరమున నున్నవారికి అవి కనులయెదుటి భవనములు. పల్లెవారికి మాత్రము అవి వినికిడి మాటలే. డాక్టరు బిడ్డయో, ప్లీడరు బిడ్డయో, తహసీలుదారు బిడ్డయో ఆ మెట్లెక్కెడివారు. వారికి వేరే సలహాదారులు అక్కరలేకుండిరి. భోజనాల వేళ తండ్రి చెప్పిన మాటలే వారికి సలహా. 2022 నవంబరులో సంగారెడ్డిలో 150 సీట్లతో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైన పిమ్మట కళాశాల మన జిల్లాకేంద్రమునకే వచ్చినది. భవనము దగ్గరకు వచ్చినది గాని, ఆ భవనములో ప్రవేశించు విధానము ఇంటిలో చెప్పగలవారు నేటికిని పల్లెలలో అరుదు. తన కుటుంబమున మొట్టమొదటగా కళాశాలకు పోవు విద్యార్థికి కావలసినది ఆ భోజనాల వేళ మాటయే. దానిని ఇంటిలో నోచుకొననివారికి కళాశాల సమకూర్చవలెను.

ముందుగా అందరును పొరబడు విషయమొకటి ఉన్నది. అర్హత వేరు, సీటు వేరు. దేశమంతటికిని ఒకటేయైన నీట్ పరీక్షలో 180 ప్రశ్నలుండును, మొత్తము 720 మార్కులు. అందు సగము జీవశాస్త్రమునకు, తక్కిన సగము భౌతిక, రసాయన శాస్త్రములకు. సరియైన జవాబునకు నాలుగు మార్కులు లభించును. తప్పు జవాబునకు ఒక మార్కు తగ్గును. 2025లో ఈ పరీక్ష వ్రాసినవారు 22 లక్షలకు పైబడిరి. వారిలో 12 లక్షలకు పైగా అర్హులైరి. 2024-25 సంవత్సరపు లెక్క ప్రకారము దేశమందలి ఎంబిబిఎస్ సీట్లు 1 లక్షా 17 వేలకు కొంచెము పైన. అనగా అర్హులైన పదిమందిలో ఒక్కరికి సీటు. ఆ సీట్లలోను దాదాపు సగము ప్రైవేటు కళాశాలలలోనివి. ప్రభుత్వ కళాశాలలో రుసుము స్వల్పము. ప్రైవేటు కళాశాలలోని యాజమాన్యపు కోటాలో అది ఏటేటా లక్షలలో ఉండును. "మా వాడు నీట్‌లో క్వాలిఫై అయినాడు" అని ఊరంతయు మిఠాయి పంచిన పిమ్మట, సీటు రాలేదని తెలిసికొని తలవంచుకొనిన తండ్రు లెందరో కలరు. లెక్క ముందు తెలిసినచో ఆ తలవంపు ఉండదు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట సలహాదారుని మొదటి ధర్మము.

రెండవ విషయము మన ప్రాంతమునకు ప్రత్యేకించినది. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగువరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. సరిహద్దు మారినను సంబంధములు మారలేదు. పెండ్లిండ్లకు, సంతలకు, వైద్యమునకు నేటికిని మనవారు బీదరుకు పోయివచ్చుచున్నారు. అట్లే కొందరు బిడ్డలను ఇంటర్మీడియేట్ చదువునకు కూడ అక్కడికి పంపుచున్నారు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. తెలంగాణ రాష్ట్రపు కోటాలో ఎంబిబిఎస్ సీటు పొందుటకు, అర్హతపరీక్షతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు, అనగా తొమ్మిదవ తరగతినుండి ఇంటర్మీడియేట్ వరకు, ఈ రాష్ట్రములోనే చదివియుండవలెనని 2024 జూలైలో నియమము సవరింపబడినది. దానిమీద వ్యాజ్యములు నడచి, 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించినది. ఉద్యోగరీత్యా వెలుపల పనిచేయు ప్రభుత్వోద్యోగుల బిడ్డలు మొదలగు కొందరికి మాత్రము మినహాయింపులు కలవు.

ప్రభుత్వ కళాశాలలలోని సీట్లలో నూటికి 15 మాత్రమే అఖిలభారత కోటాకు చెందును. తక్కిన 85 రాష్ట్రమునకు చెందినవి. సంగారెడ్డి కళాశాలకు కూత వేటు దూరమున పుట్టి పెరిగిన బిడ్డయైనను, ఆ రెండేండ్లు సరిహద్దు దాటి చదివినచో ఆ 85 పాళ్ళకు స్థానేతరుడు కావచ్చును. రెండేండ్ల చదువుచేత మాత్రమే కర్ణాటకలో స్థానికుడును కాజాలడు. పోవలదని మేము చెప్పుట లేదు. పోవుటకు ముందు ఈ సంగతి తెలిసి పోవలెనని మాత్రమే మా మాట. ఈ మాట బిడ్డ ఎనిమిదవ తరగతిలో నున్నప్పుడు చెప్పినచో దాని వెల లక్షలు. ఇంటర్మీడియేట్ ముగిసిన పిమ్మట చెప్పినచో దాని వెల గవ్వ కూడ కాదు.

మరి నేడు పల్లెలలో ఈ సంగతులు ఎవరు చెప్పుచున్నారు? వేసవి రాగానే కోచింగ్ సంస్థల మనుష్యులు ఇంటింటికి వచ్చుదురు. రంగుల కాగితముల మీద ర్యాంకులు సాధించినవారి బొమ్మలుండును. ఆ సంస్థలో చేరి ర్యాంకు రానివా రెందరో ఆ కాగితము మీద ఉండదు. నీట్‌లో మార్కులు తగ్గినవారి యిండ్లకు పిమ్మట విదేశ వైద్యవిద్య దళారులు వచ్చుదురు. ఫిలిప్పీన్సు, జార్జియా, కిర్గిజ్‌స్థాన్ అని పేర్లు చెప్పుదురు. విదేశమున చదువుటలో దోషము లేదు. కాని 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ విధించిన నిబంధనల ప్రకారము అక్కడ కనీసము 54 నెలల చదువు ఉండవలెను, అది ఆంగ్లమాధ్యమమున జరుగవలెను, అక్కడనే 12 నెలల శిక్షణ పొందవలెను, తిరిగివచ్చి అర్హతాపరీక్షలో నెగ్గి, ఇక్కడ మరల 12 నెలలు శిక్షణ పొందవలెను. ఆ అర్హతాపరీక్షలో ఇటీవలి పలు పర్యాయములు నూటికి ముప్పదిమంది కూడ నెగ్గలేదు. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధము రాగా చదువు నడుమ విడిచి ప్రాణములతో తిరిగివచ్చిన మన బిడ్డల కష్టము అందరెరిగినదే. పొలము అమ్మి పంపుటకు ముందు ఈ నాలుగు మాటలు తండ్రికి చెప్పువారుండవలెను. అవి చెప్పుటవలన దళారికి లాభము లేదు గనుక అతడు చెప్పడు. విద్యార్థికి సలహా చెప్పువానికి అమ్మవలసిన సరకేదియు ఉండరాదు. ఈ ఒక్క నియమమును పట్టుకొనినచో సగము మోసము తొలగును.

సలహాదారుడు చేయవలసిన పనులలో ముఖ్యమైనది వైద్యరంగమును సాకల్యముగా చూపుట. మన పిల్లలకు తెల్లకోటు అనగా డాక్టరు ఒక్కడే. కాని ఒక రోగి స్వస్థుడై ఇల్లు చేరుటకు ఎందరి చేతులు కావలెను! రక్తము పరీక్షించువారు, ఎక్స్‌రే తీయువారు, మందు సరిచూచి ఇచ్చువారు, మత్తు యిచ్చునప్పుడు యంత్రమును చూచుకొనువారు, డయాలసిస్ యంత్రమును నడుపువారు, పక్షవాతము వచ్చినవాని చేయి మరల కదలించువారు, రాత్రి యంతయు మంచము ప్రక్క మేలుకొని యుండు నర్సు, వీరందరును వైద్యవృత్తికి చెందినవారే. ఈ వృత్తులలో పలువాటిని ఒక క్రమమునకు తెచ్చుటకై 2021లో పార్లమెంటు ప్రత్యేకముగా ఒక చట్టమును చేసినది.

ఈ చదువుల కాలపరిమితులు ప్రతి ఇంటను తెలియవలెను. ఎంబిబిఎస్ నాలుగున్నరేండ్లు, పిమ్మట ఒక యేడు శిక్షణ. ప్రత్యేకవైద్యుడు కాగోరినచో మరి మూడేండ్లు. దంతవైద్యము నాలుగేండ్లు, ఒక యేడు శిక్షణ. ఆయుర్వేద, హోమియోపతులు కూడ ఎంబిబిఎస్ వలెనే అయిదున్నరేండ్లు. వీటికిని నీట్ పరీక్షయే ద్వారము. బి.ఎస్‌సి. నర్సింగ్ నాలుగేండ్లు. జి.ఎన్.ఎం. అను నర్సింగ్ డిప్లొమా మూడేండ్లు. దీనికి బైపిసి కానివారు కూడ తగుదురు. బి.ఫార్మసీ నాలుగేండ్లు, ఫార్మ్.డి. ఆరేండ్లు, డి.ఫార్మసీ రెండేండ్లు, బి.ఫార్మసీలో గణితవర్గము వారికిని చోటు కలదు. ఇంటర్మీడియేట్‌లోనే వృత్తివిద్యగా ప్రయోగశాల సాంకేతికవిద్య చదివినవారు, పై చదువులకు పోవుటకు వీలుగా బ్రిడ్జి కోర్సు కూడ చదివి యుండవలెను. ఇది తెలియక ఆ రెండేండ్ల పిమ్మట ఆగిపోవువారు కలరు. గణితవర్గమున చేరిన పిమ్మట వైద్యము మీద మనసు మళ్ళినవారు నిరాశ పడనక్కరలేదు. జీవశాస్త్రమును అదనపు విషయముగా చదివి ఉత్తీర్ణులైనచో వారును నీట్‌కు అర్హులేయని 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించినది. నీట్‌కు గరిష్ఠ వయఃపరిమితియు 2022లో తొలగిపోయినది.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఒక మాట. నీట్ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. ఆ సంగతి దరఖాస్తు చేయునప్పుడే తెలుపవలెను. కాని వైద్యకళాశాలలో పాఠములు ఆంగ్లముననే ఉండును. కావున ఇంటర్మీడియేట్ మొదటి సంవత్సరమునుండియే ప్రతి పాఠములోని శాస్త్రపదములను రెండు భాషలలోను ఒక నోటుబుక్కులో వ్రాసికొనుచు పోవలెను. కణము, కణజాలము, ధమని, సిర, ఈ మాటల అర్థము తెలుగులో మనసున నాటుకొనినవానికి ఆంగ్లపదము నేర్చుట కష్టము కాదు. అర్థము తెలియక ఆంగ్లపదము వల్లించుటయే కష్టము.

డాక్టరు పట్టమే జీవితమునకు పరమావధి కాదని చెప్పుటకు మనకు దూరదేశపు దృష్టాంతములు అక్కరలేదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదివిరి. వారికి ఎంబిబిఎస్ పట్టము రాలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చినది. వారు 1923లో అమెరికాకు పోయి, చిన్న కొలువులు చేసికొనుచు చదివి, ప్రయోగశాలలోనే జీవితము గడపిరి. కండరములకు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియేటిన్‌ను ఫిస్క్ అను ఆచార్యునితో కూడి కనుగొనిరి. ఫోలిక్ ఆమ్లము తయారీకిని, బోదకాలును అరికట్టు డైఇథైల్ కార్బమజీన్ మందునకును వారి నాయకత్వమున జరిగిన పరిశోధనయే మూలము. ఆ బోదకాలు మాత్రలు మన పల్లెలలో ఇంటింట పంచబడినవి. నాడి పట్టుకొనని వైద్యుడు లక్షలమందిని కాపాడెను. నీట్‌లో సీటు రాని బిడ్డ బి.ఎస్‌సి.లో సూక్ష్మజీవశాస్త్రమో, జీవరసాయనశాస్త్రమో చేరినప్పుడు "ఏమియు రాక ఇందులో పడినది" అని చుట్టములు పెదవి విరుచుదురు. ఆ మాట ఇంటిలో వినబడకుండ చూచుట పెద్దల పని.

ఇక మరల మరల నీట్ వ్రాయు సంగతి. లాంగ్‌టర్మ్ కోచింగ్ అని ఒక యేడు, మరి యొక యేడు, కొందరు మూడవ యేడు కూడ గడుపుచున్నారు. ఎన్నిసార్లైనను వ్రాయవచ్చునని నిబంధన చెప్పును. వ్రాయదగునా అని విద్యార్థి తన్నుతాను అడుగుకొనవలెను. దీనికి మాకు తోచిన కొలమానము ఇది. మొదటిసారి వచ్చిన మార్కులకును, తన సామాజిక వర్గములో తన రాష్ట్రమున ప్రభుత్వ సీటు వచ్చిన చివరి మార్కునకును గల అంతరము కాగితము మీద వ్రాసికొనవలెను. అంతరము చిన్నదైనచో, ఏ పాఠములలో పోయినదో స్పష్టముగా తెలిసినచో, ఒక యేడు ఆగుట వివేకమే. అంతరము మిక్కిలి పెద్దదైనచో నర్సింగ్, ఫార్మసీ, సాంకేతిక వైద్యవిద్యలలో ఒకదానిలో ఆ యేడే చేరుట మేలు. ఆగినను, ఎన్నాళ్ళు ఆగవలెనో ముందే నిర్ణయించుకొని తల్లిదండ్రులతో చెప్పవలెను. గడువు లేని నిరీక్షణ బిడ్డ మనసును లోలోపల తినివేయును. భోజనము తగ్గినది, నిద్ర పట్టదు, ఎవరితోను మాటలాడడు, అని తోచినప్పుడు అది చదువు భారమని ఊరకుండరాదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యతో ఫోను చేయవచ్చును. మార్కు పోయినచో మరల వచ్చును. బిడ్డ పోయినచో రాదు.

సలహా చెప్పుట ఒక వృత్తిగా ఎదిగిన దేశములు కలవు. అమెరికాలో వైద్యకళాశాల ప్రవేశము నాలుగేండ్ల పట్టభద్రవిద్య పిమ్మటనే. ఆ నాలుగేండ్లును విద్యార్థి ఏ పాఠములు చదువవలెను, ఏ ఆసుపత్రిలో సేవ చేయవలెను, ఎప్పుడు దరఖాస్తు చేయవలెను అని చెప్పుటకు కళాశాలలలో ప్రత్యేక సలహాదారులుందురు. 1974లో వారు ఒక జాతీయసంఘముగా కూడ ఏర్పడిరి. అక్కడ ఇరువదియేండ్ల వానికి లభించు సహాయము ఇక్కడ పదునైదేండ్ల బిడ్డకు లభించుట లేదు. ఎంత చిన్న వయసున నిర్ణయము చేయవలసివచ్చునో అంత ఎక్కువ సహాయము కావలెను గదా!

దీనికి పెద్ద ధనము అక్కరలేదు. బైపిసి చెప్పు ప్రతి జూనియర్ కళాశాలలోను ఒక అధ్యాపకుడు వారమున కొక గంట ఈ పనికి కేటాయించినచో చాలును. ఆ గంటలో ఆయన చేయదగిన పనులు కొన్ని. ప్రతి విద్యార్థి పేర ఒక పుట తెరచి, తొమ్మిదవ తరగతినుండి చదివిన బడుల ధ్రువపత్రములు, కుల, ఆదాయ ధ్రువపత్రములు ఉన్నవో లేవో చూచుట. దరఖాస్తు తేదీలను గోడమీద వ్రాయించుట. సంవత్సరమున కొకసారి పిల్లలను దగ్గరి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి, ఎ.ఎన్.ఎం., ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్ చేయుపనిని ఒక పూట చూపించుట. రక్తము చూచి కళ్ళు తిరుగువాడు ఆ దినమే తెలిసికొనును. రోగి చేయి పట్టుకొని మాటలాడుటలో ఆనందము గలవాడును ఆ దినమే తెలిసికొనును. ప్రతి విద్యార్థిచేతను మూడు దారులు వ్రాయించుట: మొదటి కోరిక ఏది, అది రానిచో రెండవది ఏది, అదియు రానిచో మూడవది ఏది. ఇవి చేసిన అధ్యాపకుడు ర్యాంకులను సృష్టింపలేకపోవచ్చును. దారి తప్పువారిని మాత్రము తప్పక తగ్గించును.

రేడియో చేయగల పనియు ఉన్నది. జహీరాబాదు ప్రాంతములోని మాచనూరులో 2008లో గ్రామీణ స్త్రీలు తమ గొంతులతో సంఘం రేడియోను ప్రారంభించి, పంటల సంగతులను, విత్తనముల సంగతులను ఊరూరికి వినిపించిరి. ప్రవేశముల కాలమున ఇట్టి విషయములను కూడ మన ప్రాంతపు మాటలలో వినిపించినచో కళాశాల మెట్లెక్కని తల్లికి కూడ అవి చేరును. నిర్ణయము తండ్రి ఒక్కనిది కాదు, ఫీజుకై పుస్తె తాకట్టు పెట్టునది తరచుగా తల్లి గనుక ఆమెకు తెలియుట మరింత అవసరము.

తల్లిదండ్రులకు మా మనవి చిన్నది. బిడ్డ ఎనిమిదవ తరగతికి రాగానే ఒకసారి బడికి పోయి శాస్త్రము చెప్పు ఉపాధ్యాయునితో మాటలాడుడు. బిడ్డకు ఏ పాఠము ఇష్టమో, ఏది కష్టమో అడుగుడు. పక్కింటివాని బిడ్డ ఏమి చదువుచున్నదో అడుగుట తరువాతి మాట. ఎవరు సలహా చెప్పినను, "దీనివలన నీకేమి వచ్చును?" అని మనసులో ఒకసారి ప్రశ్నించుకొనుడు. విద్యార్థులారా, మీరును సిగ్గుపడక అడుగుడు. తెలిసినవారిని అడుగుట చిన్నతనము కాదు. సంగారెడ్డి కళాశాలలో చదువుచున్న మీ మండలపు అన్నయో, అక్కయో సెలవులకు వచ్చినప్పుడు పోయి ఒక గంట కూర్చుండుడు. వారు చెప్పిన తేదీలను, నియమములను వ్రాసికొని, ఆ యేటి అధికార ప్రకటనతో సరిచూచుకొనుడు; నియమములు ఏటేటా మారుచుండును. మన పల్లెల దవాఖానలలో మన మాట తెలిసిన డాక్టర్లును, నర్సులును, సాంకేతికులును ఉండవలెనన్నచో వారు ఈ పల్లెలలోనుండియే రావలెను. అందుకు కావలసిన తెలివి మన పిల్లలలో కలదు. ఆ తెలివి దారి తెలియక వృథా కాకుండ చూచుట మన చేతిలోని పని.